పైనుండి చూచుట: సర్వే అను మాట

శ్రీరాంపూరు బొగ్గుగనులవారి బస్తీలో ఒక ఇంట సర్వేయరు, ప్రక్కయింట సూపర్‌వైజరు కాపురముండుట వింత గాదు. రోడ్ల పని చేయించు ఓవర్‌సీయరును మన పెద్దలందరు నెరిగినవారే. ముగ్గురి పనులు వేరు, జీతములు వేరు. పేరు మాత్రము ముగ్గురిదియు నొక్కటే యనిన శ్రోతలు నమ్ముదురో లేదో!

లాటిను భాషలో ‘సూపర్’ అనగా పైన, ‘విదేరే’ అనగా చూచుట. ఈ రెండును కూడిన మాట ఫ్రెంచివారి నోళ్లలో నలిగి, అరిగి, ఇంగ్లీషులోనికి ‘సర్వే’ యై వచ్చినది. పండితులు అదే మాటను లాటిను నుండి నేరుగా తెచ్చుకొనగా ‘సూపర్‌వైజ్’ అయినది. మన వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న ఇది తత్సమము, అది తద్భవము. ఆకాశమునకు ఆకసము వంటిది. ఓవర్‌సీయరన్ననో, అదే యర్థమునకు అచ్చ ఇంగ్లీషు. వీసా, టెలివిజను అనునవియు విదేరే సంతతియే. మన ‘విద్’ ధాతువు దానికి తోబుట్టువు. వారికి చూచుటయైనది మనకు తెలిసికొనుటయై విద్య, వేదము అను మాటల నిచ్చినది.

సర్వేకు మన పెద్దలు పైమాషీ యనెడివారు. ఆ పారశీక పదమునకు కొలుచుట యని యర్థము. పని యొకటే, పారశీకుడు చేతిలోని గొలుసును చూచి పేరు పెట్టెను, ఇంగ్లీషువాడు గుట్టపై నిలిచిన మనిషిని చూచి పెట్టెను. మాకు పారశీకుని పేరే న్యాయమని తోచును.

గుట్టలెక్కిన సర్వేకు మన దేశమున కొదువ లేదు. లాంబ్టను దొర 1802లో మద్రాసు వద్ద నారంభించిన మహాసర్వేలో చేరుటకు, హిమాలయ శిఖరమునకు పేరైన జార్జి ఎవరెస్టు 1818లో హైదరాబాదు వచ్చెను. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో జ్వరపడెను. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టరు కింగు ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొనెను. అచటి పొర యొకటి నేటికిని ఆయన పేరనే యున్నది. ‘కనుగొను’ అను మన మాట యెంత చక్కగా నమరినదో చూడుడు: కన్నది కైవసమగుట.

గనిలోనికి దిగినంతనే ఈ పేరు తలక్రిందులగును. అచట ఎక్కి చూచుటకు గుట్ట లేదు, వెలుతురు లేదు. సర్వేయరు గుర్తులను పైకప్పులో మేకులుగా కొట్టించి, వానినుండి గుండు వ్రేలాడదీసి, దాని క్రింద యంత్రము నిలుపును. పైనుండి చూచువాడని బిరుదు, చూచుట క్రిందినుండి! అట్లు కోణములను, దూరములను లెక్కగట్టి, త్రవ్విన ప్రతి సందును పటముపై గీయవలెను.

ఆ పటము కాగితము గదా యని తేలికగా చూడరాదు. పాతగని మూతపడి నీటితో నిండిన పిమ్మట దానిని చూపునది ఆ గీతలే. 1975 డిసెంబరు 27న ధన్‌బాదు ప్రాంతపు చాస్నాలా గనిలోనికి పాత త్రవ్వకముల నీరు విరుచుకొనిపడి 370 మందికి పైగా మరణించిరి. మన గోదావరిఖనిలోనే 2003లో గనిలో నీరు చొరబడి 17 మంది ప్రాణములు పోయినవి.

ఇంగ్లీషులో ‘ఓవర్‌లుక్’ అను మాట యొకటి కలదు. మొదట దానికిని పైనుండి చూచుట యనియే యర్థము. పిమ్మట చూడక విడుచుట యను అర్థము గూడ పట్టినది. గనుల నిబంధనలు వ్రాసినవారు ఈ రెండవ యర్థమునకే భయపడినట్లున్నది. నీరు నిలిచిన పాత త్రవ్వకమునకు 60 మీటర్లలోపల అనుమతి లేక పని చేయరాదు. అనుమతి దొరకినను, త్రవ్వువారు ముందుగా పొడవైన బెజ్జములు తొలిచి, నీరు తగులునో లేదో చూచి, పిదపనే అడుగు ముందునకు వేయవలెను.