పూత వెనుక పని.. పేరు లేని వృత్తి

కావలి: కొత్త ఇంటికి రంగులు వేసి ఏడాది తిరగకముందే దూలం కింద గీత గీసినట్లు పగులు కనిపిస్తే యజమాని సిమెంటునో, మేస్త్రీనో తప్పుపడతారు. చాలాసార్లు అసలు లోపం పూత వెనుక దాగి ఉంటుంది. కాంక్రీటు దూలం, ఇటుక గోడ ఎండకు ఒకే తీరున వ్యాకోచించవు. రెండూ కలిసేచోట పూతకు పట్టు కోసం ఇనుప వల బిగించాలి. పనివారు దీన్నే చికెన్‌ మెష్‌ అంటారు.

అమెరికాలో ఇది ప్రత్యేక వృత్తి. పూత పట్టేందుకు తొలుత చెక్క బద్దలు, తర్వాత లోహపు జాలీ బిగించే వారిని ‘లేదర్‌’ అంటారు. 1899లోనే వారికి సొంత కార్మిక సంఘం ఉంది. 1979లో అది వడ్రంగుల సంఘంలో విలీనమైంది. తడికె అల్లి మట్టి మెత్తిన మన పాత గోడల్లోనూ సూత్రం ఇదే. మెత్తిన మట్టి సందుల్లోకి దూరి, అవతల అణగి పట్టు సాధించేది. తడికె అల్లిక ఒక విద్యగా ఉండేది. నేడు వల బిగింపు మాత్రం చేతికి దొరికిన సహాయకుడి పాలవుతోంది.

బిగింపులోనే కిటుకు

వల అతుకుకు రెండు వైపులా సమానంగా పరచుకోవాలి. చుట్టగా వచ్చే వలను ముందు సాగదీసి వంపులు తీయాలి. వదులుగా వదిలితే పూత ఉబ్బుతుంది, తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. గోడకు పూర్తిగా అతికించి మేకులు కొట్టినా ప్రయోజనం లేదు. మాలు వల వెనుకకు వెళ్లేంత సందు ఉండాలి. ఒక ముక్క అంచుపై మరో ముక్క ఎక్కాలి. చూడటానికి చిన్న పనే. చేయి తిరగాలంటే మాత్రం మంచి మేస్త్రీ కింద కొంతకాలం గడపక తప్పదు.

కావలికి సముద్రం దగ్గర. ఇక్కడ మరో చిక్కు ఉప్పుగాలి. జింకు పూత సరిగా లేని వల త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బితే పూత పెచ్చులూడుతుంది. మాలులో ఉప్పు ఇసుక కలిస్తే వలకు లోపలి నుంచే చేటు. తీరానికి మరీ దగ్గరైతే క్షారాన్ని తట్టుకునే గాజునార వల మేలు. 1989 నవంబరులో ‘గే’ తుపాను కావలి సమీపంలోనే తీరం దాటింది. అటువంటి గాలివానలో నీరు పగుళ్ల గుండా కమ్మీల దాకా చేరుతుంది. కనుక ఇక్కడ పగులు అందానికి సంబంధించిన లోపం మాత్రమే కాదు.

శిక్షణ ఎక్కడ?

ఐటీఐల్లో తాపీ పనికి ఏడాది కోర్సు ఉంది. 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ (న్యాక్‌) తాపీ తదితర పనుల్లో శిక్షణ ఇస్తోంది. వల బిగింపు మాత్రం వేరే ట్రేడ్‌ కాదు, తాపీలో భాగమే. ధ్రువపత్రం లేకున్నా హక్కులు పోవు. నిబంధనల ప్రకారం, 18 ఏళ్లు నిండి 60 ఏళ్లు దాటని వారు గడచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. వల బిగించే సహాయకుడికీ ఇది వర్తిస్తుంది.