సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి?

మా మాచర్లలో ఏ మేస్త్రిని అడిగినా స్లాబ్ కింద సెంట్రింగ్ ఎన్ని రోజులకి విప్పాలో ఠక్కున చెప్పేస్తాడు. ఆ లెక్కలోకి రెండు విషయాలు రావు: ఎండ, సిమెంటు బస్తాలోని బూడిద. పక్కనే రెంటచింతలని పెట్టుకుని ఎండని లెక్కలోంచి వదిలేయడం మనకే చెల్లింది!

ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబుకి సపోర్టులు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. కానీ అది ఓపీసీకి, 15 డిగ్రీలకి తగ్గని వాతావరణానికి చెప్పిన మాట. వేరే సిమెంటు వాడితే ఆ గడువు మార్చుకోవచ్చని కూడా అక్కడే ఉంది. ఇప్పుడు ఇళ్లకి ఎక్కువగా వాడేది పీపీసీ. అందులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్, అంటే థర్మల్ స్టేషన్ బూడిద ఉంటుంది.

ఈ బూడిద నీళ్లు పడగానే పని మొదలుపెట్టదు. ముందు సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతూ కొంత సున్నాన్ని వదలాలి, అప్పుడు ఆ సున్నంతో బూడిద కలిసి బలమిచ్చే పదార్థంగా మారుతుంది. అందుకే పీపీసీ కాంక్రీటులో మొదటి రోజుల్లో వేడీ తక్కువ, బలమూ తక్కువ. నెలలు గడిచేకొద్దీ అది ఓపీసీని అందుకుంటుంది, తడి సరిగ్గా అందితే దాటిపోతుంది కూడా. "పీపీసీ వీక్ సార్" అనే మాటతో నేను ఒప్పుకోను. అది వీక్ కాదు, లేటు. మందమైన పునాదికి ఆ లేటే వరం. లోపల వేడెక్కి, పైన చల్లబడి పగుళ్లిచ్చే ప్రమాదం తగ్గుతుంది.

వేడి, బలం రెండూ ఒకే రసాయన చర్య నుంచి వస్తాయి కాబట్టి కాంక్రీటు లోపలి ఉష్ణోగ్రతని బట్టి బలాన్ని అంచనా వేయొచ్చు. దీన్నే మెచ్యూరిటీ పద్ధతి అంటారు. తేలికైన లెక్క ఇది: ఉష్ణోగ్రతకి 10 కలిపి, రోజులతో గుణించాలి. కాంక్రీటు సగటున 20 డిగ్రీల దగ్గరుంటే 7 రోజులకి 210 వస్తుంది. మే నెలలో 40 డిగ్రీలుంటే అదే 210కి 4.2 రోజులు చాలు.

చూడ్డానికి బాగుంది కదా, చిక్కు ఇక్కడే. 210 దగ్గర ఓపీసీకి వచ్చే బలం పీపీసీకి రాదు. ప్రతి మిక్స్‌కీ క్యూబులు పోసి, 1, 3, 7, 14, 28 రోజులకి పగలగొట్టి, దాని గ్రాఫ్ దానికే గీసుకోవాలి. వేడికి బూడిద స్పందించే తీరు కూడా వేరు. అందుకే ఇంకా కచ్చితంగా కావాలంటే, మనం కెమిస్ట్రీలో చదివి ఎగ్జామ్ హాల్లోనే వదిలేసి వచ్చిన ఆర్హీనియస్ సమీకరణాన్ని మళ్లీ బయటికి తీయాలి.

ఇంకో మెలిక: మొదట్లో మరీ వేడెక్కిన కాంక్రీటు తొందరగా గట్టిపడుతుంది కానీ, చివరికి వచ్చే బలం కొంత తగ్గుతుంది. మెచ్యూరిటీ లెక్కకి ఇది కనపడదు. నీళ్లు కొట్టకపోయినా దానికి తెలీదు. పీపీసీకి కనీసం 10 రోజుల క్యూరింగ్ కావాలి, మన ఎండల్లాంటి పొడి వేడిలో 14 రోజులు మేలు.