పేరడగని ఊరు

అత్తాకోడళ్ళ తగవైతే రెండు మాటల్లో చెప్పవచ్చును. హత్యా పరిశోధనకు ఒక్క మాట చాలును. కాని బ్రిటనులో 1967-68లో ప్రసారమైన ‘ది ప్రిజనర్’ అనే టెలివిజను ధారావాహికలో మొదటి రెండు భాగాలు యిటీవల మేము చూచిన తరువాత, కథ యేమిటని యింట్లో పెద్దవారు అడిగితే చప్పున జవాబు తోచలేదు.

మొదలు సులువుగానే వున్నది. రహస్యోద్యోగి ఒకడు కోపంగా రాజీనామా యిచ్చి, యింటికి వచ్చి పెట్టె సర్దుకుంటాడు. తాళపు కన్నంలోనుంచి పొగ వస్తుంది, స్పృహ తప్పుతుంది. మెలకువ వచ్చేసరికి గది తనదే, కిటికీ వెలుపల మాత్రం లండను లేదు! రంగురంగుల గోపురాలు, పూలతోటలు, బ్యాండు మేళము, చారల గొడుగులతో షికారు చేసే మర్యాదస్తులు. ఎవరికీ పేరు లేదు, నెంబర్లే. యితడు ఆరవ నెంబరు. ఊరిని నడిపేది రెండవ నెంబరు. ఆ కుర్చీలో మనిషి మారుతూ వుంటాడు. ఒకటవ నెంబరు యెవరో చెప్పరు.

టాక్సీ దొరుకుతుంది, ఊరు దాటదు. దుకాణంలో పటము అడిగితే ఆ ఊరి పటమే యిస్తారు. టెలిఫోను ఎత్తితే ముందు నీ నెంబరేమిటంటారు. పారిపోయేవారిని తరిమి పట్టేది ఒక పెద్ద తెల్లని బుడగ! నవ్వు వస్తుంది, అది మనిషి ముఖాన్ని కప్పివేయగానే నవ్వు ఆగిపోతుంది. (మొదట దీనికొక యంత్రము చేయించారట. అది పనిచేయక వాతావరణ పరిశోధన బెలూను తెచ్చారు. మంచిదే అయినది.)

ఊరు నిజమైనదే. ఉత్తర వేల్సులో సముద్రపుటొడ్డున క్లఫ్ విలియమ్స్-ఎలిస్ అనే వాస్తుశిల్పి 1925 నుంచి యిటలీ ఫక్కీలో కట్టించిన పోర్ట్‌మెయిరియన్. రంగుల్లో తీసినా ఆనాటి బ్రిటిషు ప్రేక్షకులు చూచింది నలుపు తెలుపులోనే. పాపం, సగం వింత వారికి అందలేదు.

రెండవ భాగంలో అతడు ఒక స్త్రీతో కలిసి సముద్రం మీద తప్పించుకొని, చెక్కపెట్టెలో దాగి, లండను ఆఫీసుకు చేరుకుంటాడు. పై అధికారులు అడిగేది కూడా ఆ పాత ప్రశ్నే: ఉద్యోగం ఎందుకు మానివేశావు? చెప్పబోతుండగా బిగ్ బెన్ ఎనిమిది కొడుతుంది. తన చేతి గడియారమూ ఎనిమిదే. ఆ గడియారము దారిలో పోలండు మనిషి దగ్గర తీసుకున్నది. అక్కడి కాలం లండను కంటె ఒక గంట ముందుండాలి గదా! ఆ గంటల చప్పుడు టేపు మీదిది. తలుపు తీస్తే మళ్ళీ ఆ ఊరే. అర్ధశతాబ్దము దాటిన కథ గనుక దాచకుండా చెప్పివేశాము.

ప్రధాన పాత్రధారి ప్యాట్రిక్ మెక్‌గూహన్ నవ్వడం అరుదు. ఊరిలో తిండికీ సౌఖ్యానికీ లోటు లేదు, అడిగేది ఒక్క ప్రశ్న. అంతమాత్రానికి చెప్పి బయటపడరాదా అని మా యింట్లో ఒకరన్నారు. చెబితే పంపుతారా అని మరొకరు. నాలుగు తరాలుగా పరభాషల నడుమ వుంటూ యింటిపేరు వదలని మనవంటి వారికి, అతడు ఆ నెంబరును ఎందుకు ఒప్పుకోడో వేరే చెప్పనక్కర లేదు.

మొత్తం 17 భాగాలు. యింకా 15 వున్నవి. పసిపిల్లలుంటే బుడగ వచ్చే వేళకు దగ్గర కూర్చోబెట్టుకోండి. ఒకటవ నెంబరు ఎవరన్న దానిపై మా యింట్లో అప్పుడే రెండు పక్షాలు యేర్పడినవి.