పలమనేరు అంగట్లో పన్ను లేని సరుకు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ఏటా ఆగస్టులో, బడులు తెరిచే ముందు, శుక్రవారం నుంచి ఆదివారం దాకా కొన్ని వస్తువుల మీద అమ్మకం పన్ను వదులుకుంటుంది. ఈ పద్ధతి 1999లో మొదలైంది. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్లకు పిల్లల బట్టలు, బూట్లు, బ్యాగులు, నోటు పుస్తకాలు కొనడానికి అదే అదను. అక్కడ రాష్ట్ర పన్ను 6.25 శాతం, స్థానిక పన్నులు కలిస్తే 8.25 దాకా పోతుంది. అయితే వస్తువు ధర 100 డాలర్ల లోపే ఉండాలి. 110 డాలర్ల బూట్లు కొంటే పైనున్న పదికే కాదు, మొత్తానికీ పన్ను కట్టాలి.

మన దేశంలోని జీఎస్టీ (వస్తు సేవల పన్ను)లో ఇలాంటి సెలవు రోజులు లేవు. పండగ డిస్కౌంటు అమ్మేవాళ్లు ధరలో తగ్గించి ఇచ్చేది, అది పన్ను మినహాయింపు కాదు. కానీ పన్ను లేని సరుకు మన చిత్తూరు జిల్లా పలమనేరులో ఏడాది పొడవునా దొరుకుతుంది. అది ఏ సరుకు, ఎలా కట్టారు, ఎవరు అమ్ముతున్నారు అన్నది చూసుకోవాలి.

అమ్మకం పన్నుతో ఈ ప్రాంతానికి ఉన్న పరిచయం పాతది. దేశంలో మొట్టమొదటి సాధారణ అమ్మకం పన్ను చట్టాన్ని 1939లో మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం తెచ్చింది. మద్యనిషేధంతో పోయిన రాబడిని పూడ్చుకోవడం దాని ఉద్దేశం. సేలం తర్వాత నిషేధం అమలైన జిల్లాల్లో చిత్తూరు ఒకటి. ఆ తర్వాత 1957లో రాష్ట్ర చట్టం, 2005లో వ్యాట్, 2017 జులై 1న జీఎస్టీ వచ్చాయి.

ఇప్పుడు సరుకుల సంగతి. మదనపల్లె టమాటాతో సహా తాజా కూరగాయలకు, పాలకు, గుడ్లకు, ఉప్పుకు, కుంకుమకు, గాజు గాజులకు పన్ను లేదు. మట్టికుండకు, ప్రమిదకు లేదు. అదే మట్టితో చేసిన అలంకార వస్తువుకు మాత్రం ఉంది.

ఎక్కువమంది పొరబడేది మూటలు, ప్యాకెట్ల దగ్గర. 2022 జులై 18 నుంచి ముందే తూచి, ప్యాక్ చేసి, లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, గోధుమపిండి, బెల్లం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం పన్ను పడుతుంది. అంతకు మించిన మూటకు పడదు. అంగళ్లలో 26 కిలోల బియ్యం మూటలు కనబడేది ఇందుకే. మన కళ్లముందే తూచి పొట్లం కట్టిచ్చిన బెల్లానికి కూడా పన్ను లేదు. పెరుగూ అంతే. లేబుల్ ఉన్న ప్యాకెట్‌కు ఉంది, కుండలోంచి తీసి తూచి ఇస్తే లేదు. చిన్న అంగట్లో విడిగా కొనే పేదలకు ఈ తేడా నిజంగా మేలు చేస్తుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లు, మ్యాపులు, ప్యాకెట్ పన్నీరు, చపాతీలు కూడా సున్నా పన్నులోకి వచ్చాయి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాకు అంతకుముందు 18 శాతం ఉండేది. 20,000 రూపాయల ఆరోగ్య బీమా ప్రీమియంపై అది 3,600. ఇప్పుడు లేదు.

రెడీమేడ్ బట్టలకు మాత్రం మనకూ టెక్సాస్ లాంటి గీత ఉంది. ఒక్కో దుస్తు ధర 2,500 వరకు 5 శాతం, దాటితే మొత్తం మీద 18 శాతం. అంటే 2,500 చొక్కా పన్నుతో 2,625 అవుతుంది, 2,600 చొక్కా 3,068 అవుతుంది. ఆ గీతకు దగ్గరగా ఉన్నది కొనేటప్పుడు బిల్లు వేయకముందే అడగండి.

ఇక అమ్మేవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవాళ్ల ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటకపోతే సాధారణంగా రిజిస్ట్రేషన్ అవసరం లేదు, పన్ను వసూలు చేయకూడదు. కోటిన్నర లోపు వ్యాపారులు కాంపోజిషన్ పథకంలో చేరితే తమ జేబులోంచే కట్టాలి తప్ప కొనేవాళ్ల దగ్గర తీసుకోకూడదు. ఆ మాట వాళ్ల బిల్లు మీదే రాసి ఉండాలి. ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి గనుక, దానిపైన జీఎస్టీ అని ఎవరు వేసినా తప్పే.

పెట్రోలు జీఎస్టీలో లేదు. ఆంధ్రలో 31 శాతం వ్యాట్, లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. కర్ణాటకలో పన్ను తక్కువ. అందుకే పలమనేరు బండ్లు సరిహద్దులోని నంగిలి దాటాక ట్యాంకు నింపుకుంటాయి. ఈ భారం రాష్ట్రం తగ్గించాల్సిందే.

టెక్సాస్ లాంటి మూడు రోజుల పన్ను సెలవు కంటే శాశ్వత మినహాయింపే న్యాయమని నా అభిప్రాయం. కూలి డబ్బులతో నోటు పుస్తకం కొనే తల్లి ఆగస్టు దాకా ఆగలేదు. ఆ మినహాయింపు ఆమెకు అందాలంటే బిల్లు చూసుకోవాలి. రిజిస్టరైన అంగట్లో 200 రూపాయలు, ఆపైన కొంటే మనం అడగకపోయినా బిల్లు ఇవ్వాలి. అంతకంటే తక్కువైనా అడిగితే ఇవ్వాలి. పన్ను లేని సరుకుకు పన్ను వేస్తే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.