అడవిలో దారి వెదకు ఆట

సాధారణముగా పిల్లలు ఆడుచుండగా పెద్దలు గట్టున కూర్చుండి చూతురు. తాత, తండ్రి, మనుమరాలు ఒకే దినమున ఒకే అడవిలో పోటీకి దిగు ఆట ఒకటి కలదు. దానిని ఓరియంటీరింగ్ అందురు. తెలుగులో దిశాన్వేషణ క్రీడ అనవచ్చును.

ఇది ఉత్తర ఐరోపాలో పుట్టినది. పటము, దిక్సూచి సాయముతో తెలియని చోట దారి కనుగొనుట మొదట సైనికుల శిక్షణలో భాగము. 1897లో నార్వేలో పౌరులకు పోటీ జరిగినది. మైదానపు పరుగు పందెములపై యువకులకు ఆసక్తి సన్నగిల్లుట గమనించి, స్వీడన్ సైనికాధికారి ఎర్నస్ట్ కిలాండర్ 1919లో స్టాక్‌హోం సమీపమున పెద్ద పోటీ నడిపెను. 1961లో 10 దేశముల సంఘములు కలిసి అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించినవి.

ఆట తీరు

బండ ప్రక్కన, వాగు మలుపున, దిబ్బ కొనన తెలుపు, నారింజ రంగుల గురుతులు కట్టుదురు. పటముపై అవి వలయములుగా కనిపించును. వాటిని వరుసగా చేరి, తక్కువ కాలములో తిరిగి వచ్చినవారు గెలుతురు. ఏ దారిన పోవలెనో ఎవరికి వారే నిర్ణయించుకొనవలెను.

పటము 1:10,000 ప్రమాణములో నున్నచో, దానిపై 1 సెంటీమీటరు నేలపై 100 మీటర్లు. గోధుమరంగు గీతలు సమోన్నత రేఖలు. అవి దగ్గరగా నున్నచో వాలు ఎక్కువ. నీలము నీటికి, ఆకుపచ్చ దట్టమైన పొదలకు గుర్తు. సులువుగా పరుగెత్తదగిన అడవి తెల్లగా నుండును. పటములోని ఉత్తరరేఖలు అయస్కాంత ఉత్తరమునే చూపును గనుక దిక్పాతము లెక్కింపనక్కరలేదు.

వయస్సు, అనుభవము

రెండు గురుతుల నడుమ తిన్నని దారి 300 మీటర్లు. కాని 40 మీటర్ల గుట్ట ఎక్కవలెను. చదునైన చుట్టుదారి 500 మీటర్లు. ఏది మేలు? 1892లో స్కాట్లండు పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన లెక్కను బట్టి, 1 మీటరు ఎక్కుట సుమారు 8 మీటర్లు నడచుటతో సమానము. అనగా గుట్టదారి 620 మీటర్లగును, చుట్టుదారియే దగ్గర! ఇట్టి నిర్ణయములలో కాలిబలముకంటె అనుభవము మిన్న. స్వీడన్‌లో 1965లో ఆరంభమైన ఓ-రింగెన్ అను వేసవి పోటీలలో పదేండ్ల పిల్లలు మొదలు ఎనుబదేండ్లు దాటినవారి వరకు పాల్గొందురు. వయస్సును బట్టి దూరము మారును, అడవి మారదు.

అడవి నిలుచుట ఎట్లు?

వేలమంది పరుగెత్తినచో నాచు నలుగును, పిల్లలతో నున్న జంతువులు బెదరును. స్వీడన్‌లో పరుల అడవిలోనైనను నడచు హక్కు ప్రజలకు కలదు. ప్రకృతిని కలవరపెట్టరాదు, పాడుచేయరాదు అను బాధ్యతయు దానితోనే కలదు. అందుచే నిర్వాహకులు ముందుగా భూస్వాములతోను, వేటగాండ్రతోను సంప్రదించి, జంతువులకు విడువవలసిన చోట్లను పటముపై ఊదారంగు గీతలతో నిషేధింతురు. అందు అడుగిడినవారు పోటీనుండి తొలగింపబడుదురు. ఈ కట్టుబాటు తప్పినచో అడవి చెడును; దానితో ఆటయు పోవును.

పాఠశాలలో

ఉపాధ్యాయులు దీనిని పాఠశాల ఆవరణలోనే ఆరంభింపవచ్చును. విద్యార్థులు అడుగులతో దూరములు కొలిచి, చెట్లు, బావులు, గట్లు చూపు పటము గీయవలెను. పిదప ఊరి వృద్ధులను పిలిచి, పూర్వము వాగు ఎటు పారెడిదో, పూడిన కుంట ఎచ్చట నుండెడిదో అడిగి, వేరొక రంగుతో గుర్తింపవలెను. రెండు రంగులకు గల తేడాయే ఆ ఊరి నేల చరిత్ర. నిన్నటి నీటిజాడ తెలిసినవారు వృద్ధులు. రేపు దానిని కాపాడవలసినవారు విద్యార్థులు. వారిరువురును ఒకే పటముపై వ్రేలు పెట్టి చూపుటయే ఈ ఆటవలని గొప్ప లాభము.