హార్వర్డ్‌లో ఒక హాలు, దాని కుషన్లు

కొన్ని హాళ్లలో మాట తేటగా, పాట నిండుగా వినిపిస్తుంది. మరికొన్నిటిలో ఎంతటి వక్త నిలబడినా మాట మీద మాట పడి అంతా అలుక్కుపోతుంది. ఈ తేడా ఎందుకన్నదానికి పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఎవరి దగ్గరా లెక్కతో కూడిన జవాబు లేదు. అది అమెరికాలో, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో దొరికింది. అక్కడి పాత భవనం ఒకటి అందుకు కొలబద్ద అయింది.

ఆ భవనం పేరు మెమోరియల్ హాల్. ఎర్ర ఇటుకల కట్టడం. దూరం నుంచి చూస్తే పెద్ద చర్చి అనుకుంటాం. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడి చనిపోయిన హార్వర్డ్ వాళ్ల జ్ఞాపకార్థం దీన్ని కట్టారు. 1870లో శంకుస్థాపన జరిగింది, 1874లో ప్రారంభమైంది. నడిమి నడవలో పాలరాతి ఫలకాల మీద 136 పేర్లు చెక్కి ఉంటాయి. దక్షిణాది తరఫున చనిపోయిన వాళ్ల పేర్లు అందులో లేవు. నడవకు ఒక పక్క విశాలమైన భోజనశాల, మరో పక్క సాండర్స్ థియేటర్.

చార్లెస్ సాండర్స్ అనే పూర్వ విద్యార్థి రాసిచ్చిన డబ్బుతో వచ్చిన హాలు కాబట్టి ఆ పేరు. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ రెన్ కట్టిన షెల్డోనియన్ థియేటర్ దీనికి స్ఫూర్తి. లోపలంతా చెక్క. వేదిక చుట్టూ అర్ధచంద్రాకారంలో సుమారు వెయ్యి మంది కూర్చోవచ్చు. బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా ఇక్కడ కచేరీలు చేసింది, 1943లో చర్చిల్ ఇక్కడే ప్రసంగించాడు.

1895లో హార్వర్డ్‌లోనే ఫాగ్ ఆర్ట్ మ్యూజియం తెరిచారు. దాని ఉపన్యాసశాలను, మాట తేటగా వినిపించే సాండర్స్ థియేటర్ నమూనాలోనే, చిన్నదిగా కట్టారు. తీరా చూస్తే అందులో పాఠం చెప్పడమే కుదరలేదు. పలికిన శబ్దం ఖాళీ గదిలో ఐదున్నర సెకన్లకు పైగా వినిపిస్తూనే ఉండేది. నింపాదిగా మాట్లాడే మనిషి కూడా ఆలోగా మరెన్నో మాటలు పలుకుతాడు. ఆకారం ఒకటే, ఫలితం పూర్తిగా వేరు. చెక్క మహిమేమో అనుకుందామంటే, ప్రావిడెన్స్‌లోని సేల్స్ హాల్లోనూ గోడలకు చెక్కే ఉంది, అక్కడ వినికిడి బాగోలేదు.

ఫాగ్ ఉపన్యాసశాలను సరిచేయమని హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించాడు. సబీన్ చేసిన పని నాకు అపురూపంగా తోస్తుంది. వీధి చప్పుడు సద్దుమణిగాక, అర్ధరాత్రి దాటినప్పుడు, ఒక ఆర్గన్ గొట్టాన్ని మోగించి ఆపేవాడు. చెవికి శబ్దం పూర్తిగా అణగడానికి ఎంతసేపు పట్టిందో కొలిచేవాడు. తర్వాత సాండర్స్ థియేటర్ సీట్ల మీది కుషన్లు మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా పరుస్తూ ప్రతిసారీ మళ్లీ కొలిచేవాడు. సీట్లు, నడవలు, వేదిక, వెనక గోడ అన్నీ నిండేలా దాదాపు 1,500 కుషన్లు పేర్చాక ఆ సమయం 1.14 సెకన్లకు దిగింది. తాను వేసుకున్న బట్టలు కూడా శబ్దాన్ని పీలుస్తున్నాయని గ్రహించి, ప్రయోగాలకు ఎప్పుడూ అవే బట్టలు వేసుకునేవాడు.

శబ్దం గోడకు తగిలి వెనక్కి వస్తుంది, మళ్లీ ఇంకో గోడకు తగులుతుంది. తగిలిన ప్రతిసారీ కొంత పోతుంది. గట్టి సున్నపు గోడ చాలా కొద్దిగా మింగుతుంది, మెత్తని కుషన్ ఎక్కువ మింగుతుంది. తెరిచిన కిటికీ మీద పడిన శబ్దం బయటికి పోతుంది, తిరిగి రాదు. అందుకని సబీన్ ప్రతి వస్తువునూ ఎన్ని చదరపు మీటర్ల తెరిచిన కిటికీతో సమానమో లెక్కగట్టాడు. 1898లో సూత్రం తేలింది. హాలు ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, ఆ కిటికీ వైశాల్యాల మొత్తంతో భాగిస్తే ప్రతినాద సమయం, అంటే శబ్దం అణగడానికి పట్టే సమయం, సెకన్లలో వస్తుంది.

3,000 ఘనపు మీటర్ల హాలు తీసుకుందాం. లోపలి పీల్పు, అంటే ఆ కిటికీ వైశాల్యాల మొత్తం, 240 చదరపు మీటర్లయితే ప్రతినాదం 2 సెకన్లు. కూర్చున్న మనిషి ఒక్కరు ఇంచుమించు అర చదరపు మీటరు లెక్కకు వస్తారు. 480 మంది వచ్చి కూర్చుంటే సమయం సగానికి, అంటే ఒక్క సెకనుకు పడిపోతుంది. మన కల్యాణ మండపంలో పొద్దున ఖాళీగా ఉన్నప్పుడు గుంయ్‌మన్న మైకు, పందిట్లో జనం నిండాక కుదుటపడటం ఇందువల్లే.

ఆ సమయం ఎంత ఉండాలన్నది హాలు దేనికన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉపన్యాసానికి సెకను అటూ ఇటూ చాలు. సింఫనీకి రెండు సెకన్ల దరిదాపుల్లో ఉంటేనే వాద్యాలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్‌ను సబీన్ లెక్కలతో కట్టారు. ఇలా ముందే లెక్కగట్టి కట్టిన మొదటి కచేరీ హాలు అదే. ఫాగ్ గోడలకు మందపాటి ఫెల్టు అంటించి పాఠాలకు పనికొచ్చేలా చేశారు, ఆ కట్టడం ఇప్పుడు లేదు. సాండర్స్ థియేటర్‌లో మాత్రం పాఠాలూ కచేరీలూ నేటికీ నడుస్తున్నాయి. ఇప్పటి కచేరీ హాళ్లకు కుర్చీలు ఎంచేటప్పుడు, ఖాళీ కుర్చీ కూడా మనిషి కూర్చున్నంతగా శబ్దాన్ని పీల్చేలా చూసుకుంటారు. సగం నిండిన రోజునా, పూర్తిగా నిండిన రోజునా వాయించేవాళ్లకు ఒకే హాలు దొరకడానికి.