ప్రొడక్షన్ సర్వర్లకు లినక్స్ డిస్ట్రిబ్యూషన్ ఎంపిక

పరిచయం

లినక్స్ కెర్నెల్‌కు లైబ్రరీలు, ఉపకరణాలు, ప్యాకేజీ మేనేజరు జతచేసి అందించే సమాహారాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారని మీకు తెలుసు. మీ సొంత కంప్యూటర్‌లో ఏ డిస్ట్రిబ్యూషన్ పెట్టుకున్నా పెద్ద నష్టం లేదు. నచ్చకపోతే ఒక ఆదివారం కూర్చుని మరొకటి వేసుకోవచ్చు. ప్రొడక్షన్ సర్వర్ సంగతి వేరు. ప్రయోగాలకు కాకుండా, నిజమైన వినియోగదారుల కోసం రాత్రింబవళ్లు నడిచే సర్వర్‌ను ప్రొడక్షన్ సర్వర్ అంటారు. ఒక సహకార బ్యాంకు ఖాతాలో, ఒక ఆసుపత్రి ఓపీ చీటీలో దాని మీద ఉంటాయి. అది ఆగితే కౌంటరు ముందు వరుస ఆగిపోతుంది.

కాబట్టి ఇక్కడ "ఏ డిస్ట్రిబ్యూషన్ మంచిది?" అని అడగడం కంటే, "దీనికి భద్రతా సవరణలు ఎవరు ఇస్తారు? ఎన్నేళ్లు ఇస్తారు?" అని అడగడం మేలు. ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణతో చూద్దాం.

సెంట్‌ఓఎస్ 8 ఉదంతం

రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ చందా కట్టి వాడుకునే డిస్ట్రిబ్యూషన్. దాని సోర్స్ కోడ్‌ను తీసుకుని, వాణిజ్య చిహ్నాలు తొలగించి, తిరిగి కంపైల్ చేసి ఉచితంగా అందించినదే సెంట్‌ఓఎస్. రెడ్ హ్యాట్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ దాదాపు అంతా దీని మీదా నడిచేది. అందుకే వెబ్ హోస్టింగ్ కంపెనీలు, విశ్వవిద్యాలయాలు దీన్ని విస్తృతంగా వాడుకున్నాయి. 2014లో ఈ ప్రాజెక్టు రెడ్ హ్యాట్ గొడుగు కిందికి వచ్చింది.

2019 సెప్టెంబరులో సెంట్‌ఓఎస్ 8 విడుదలైంది. 2029 మే వరకు సవరణలు వస్తాయన్న లెక్కతో చాలామంది దానికి మారారు. 2020 డిసెంబరు 8న ప్రకటన వెలువడింది: 2021 డిసెంబరు 31తో సెంట్‌ఓఎస్ 8 ముగుస్తుంది, ఇకపై సెంట్‌ఓఎస్ స్ట్రీమ్ మాత్రమే ఉంటుంది. స్ట్రీమ్ అనేది రెడ్ హ్యాట్ తదుపరి చిన్న వెర్షన్‌లోకి వెళ్లబోయే మార్పులు ముందుగా చేరే చోటు. పాతదానికి అది సమాన ప్రత్యామ్నాయం కాదు.

ఇందులో ఒక విచిత్రం గమనించండి. పాతదైన సెంట్‌ఓఎస్ 7కు మాత్రం 2024 జూన్ 30 వరకు సవరణలు అందాయి. అంటే బద్ధకించి పాతదానిలోనే ఉన్నవారికి గడువు మిగిలింది, శ్రద్ధగా కొత్తదానికి మారినవారికి ఏడాదే మిగిలింది.

ఆ ఖాళీని పూరించడానికి 2021లో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. రాకీని ప్రారంభించిన గ్రెగరీ కర్ట్‌జర్ సెంట్‌ఓఎస్ స్థాపకుల్లో ఒకరు. ఇక 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ సోర్స్‌ను అందరికీ బహిరంగంగా ఇవ్వడం ఆపి, స్ట్రీమ్ సోర్స్‌కు పరిమితం చేసింది. దానితో ఆల్మా అచ్చుగుద్దినట్లు నకలు తీయడం మానుకుని, రెడ్ హ్యాట్ కోసం తయారైన ప్రోగ్రాములు తన మీద నడిస్తే చాలనే లక్ష్యానికి మారింది.

దీన్నిబట్టి ఉచితమైనది నమ్మదగినది కాదని అనుకోకండి. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ ఏ కంపెనీ చేతిలోనూ లేదు, స్వచ్ఛంద కార్యకర్తలతో నేటికీ నడుస్తోంది. ధర కంటే ముందు చూడవలసింది నిర్ణయాధికారం ఎవరిదన్నది.

పాత వెర్షన్, కొత్త సవరణ

సర్వర్ డిస్ట్రిబ్యూషన్లను మొదటిసారి చూసే విద్యార్థికి వచ్చే సందేహం: ఇందులో అన్నీ పాత వెర్షన్లే ఉన్నాయే, ఇది భద్రమేనా?

ఒక వెర్షన్‌ను ఎంచుకుని, దాన్ని మార్చకుండా, కొత్త వెర్షన్‌లో వచ్చిన భద్రతా సవరణను మాత్రమే వెనక్కి తెచ్చి అతకడాన్ని బ్యాక్‌పోర్టింగ్ అంటారు. దర్జీ చొక్కా మొత్తం మార్చకుండా చిరిగిన చోట మాత్రమే కుట్టినట్లు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే తీవ్రమైన లోపం బయటపడింది. సర్వర్ మెమరీలోని రహస్యాలను బయటివారు చదవగలిగే లోపం అది. 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ వరకు అన్నింటిలోనూ ఉంది, 1.0.1జిలో సరిచేశారు. అప్పట్లో డెబియన్ 7లోనూ, రెడ్ హ్యాట్ 6.5లోనూ ఉన్నది 1.0.1ఈ. రెండూ సవరణ ఇచ్చిన తరువాత కూడా ఆ సంఖ్య 1.0.1ఈ గానే ఉంది. దాని తోకగా ఉండే ప్యాకేజీ విడుదల సంఖ్య మాత్రమే మారింది. పై సంఖ్య చూసి బెంబేలెత్తి, లైబ్రరీని చేత్తో కంపైల్ చేసి ఎక్కించినవారికి ఆ తరువాత ఆ సర్వర్‌లో లైబ్రరీకి అప్‌డేట్లు చూసుకునే బాధ్యత కూడా వారిదే అయింది.

ఆలస్యం ఒక్కోసారి రక్షిస్తుంది కూడా. 2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు దాదాపు అర సెకను అదనంగా పడుతోందేమిటని ఆరా తీశాడు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ఉపకరణం 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దొంగదారి పెట్టినట్లు తేలింది. అది అప్పటికి డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖల్లోకి, ఫెడోరా అభివృద్ధి శాఖలోకి చేరింది. డెబియన్ స్టేబుల్‌లోకి గానీ, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్‌లోకి గానీ రాలేదు.

ఎంపిక

మొదట మీ సర్వర్ మీద నడవవలసిన సాఫ్ట్‌వేర్‌ను చూడండి. చాలాసార్లు నిర్ణయం అక్కడే అయిపోతుంది. ఉదాహరణకు ఒరాకిల్ డేటాబేస్‌ను ఆ కంపెనీ ఒరాకిల్ లినక్స్, రెడ్ హ్యాట్, సూసే ఎంటర్‌ప్రైజ్‌ల మీద ధ్రువీకరిస్తుంది; డెబియన్, ఉబుంటుల మీద కాదు. వేరేదాని మీద ఎలాగోలా ఎక్కించవచ్చు గానీ, అర్ధరాత్రి అది ఆగినప్పుడు మీ ఫోనుకు సమాధానం ఇచ్చేవారు ఉండరు.

అలాంటి నిర్బంధం లేనప్పుడు గడువులు పోల్చండి. రెడ్ హ్యాట్ ప్రధాన వెర్షన్‌కు 10 ఏళ్లు. ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్లు రెండేళ్లకొకటి వస్తాయి; 5 ఏళ్లు సాధారణ సేవ, ఉబుంటు ప్రో చందాతో ఇంకా ఎక్కువ. డెబియన్‌కు 3 ఏళ్ల పూర్తి సేవ, ఆపై 2 ఏళ్ల పరిమిత సేవ. ఫెడోరాకు సుమారు 13 నెలలే కనుక, నేర్చుకోవడానికి అది చక్కనిదైనా, ప్రొడక్షన్‌కు నేను సూచించను. చిన్న బృందం, సాధారణ వెబ్ సర్వర్ అయితే డెబియన్ గానీ ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్ గానీ సరిపోతుంది.

మీ బృందానికి ఏది చేతనవునో దానికీ విలువ ఇవ్వండి. డెబియన్ కుటుంబంలో ఏపీటీ, రెడ్ హ్యాట్ కుటుంబంలో డీఎన్‌ఎఫ్ ప్యాకేజీ మేనేజర్లు. మొదటిదానిలో యాప్‌ఆర్మర్, రెండోదానిలో ఎస్‌ఈలినక్స్ రక్షణ వ్యవస్థలు. ప్యాకేజీ ఆదేశాలు వారంలో అలవాటవుతాయి. ఎస్‌ఈలినక్స్ అలా రాదు. అర్థంకాక దాన్ని ఆపేసి నడిపే సర్వర్లు కొల్లలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మీకు అందుబాటులో ఉన్న ఏదైనా లినక్స్ యంత్రంలో ఈటీసీ డైరెక్టరీలోని ఓఎస్-రిలీజ్ ఫైలు తెరిచి, డిస్ట్రిబ్యూషన్ పేరు, వెర్షన్ రాసుకోండి. ఆ వెర్షన్‌కు సవరణలు ఏ తేదీతో ఆగుతాయో కనుక్కోండి.

2. మీ సర్వర్‌లో ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ వెర్షన్ పాతదని, వెంటనే మార్చాలని ఒక తనిఖీ నివేదిక వచ్చింది. సర్వర్ డెబియన్ స్టేబుల్. ఏదైనా మార్చే ముందు మీరు ఆ ప్యాకేజీ మార్పుల చిట్టాలో ఏం వెతుకుతారు? నివేదిక రాసినవారికి జవాబుగా ఐదు వాక్యాలు రాయండి.